కుర్చీలో కూర్చున్నామె

సముద్రం ఒడ్డున ఉన్న ఆ ఇంటి చరిత్ర చిన్న పుస్తకంగా అచ్చయింది. గేటు దగ్గర బల్ల మీద పెట్టారు, చూడవచ్చినవాళ్లు తలా ఒకటి తీసుకుపోతుంటారు. రాసింది నేనే. నంద్యాలలో ఏళ్ల తరబడి పిల్లలకు తెలుగు చెప్పి రిటైరైనవాణ్ని కాబట్టి అచ్చుతప్పులు లేకుండా చూసుకున్నాను. కానీ అందులో ఒక అబద్ధం ఉంది. అచ్చుతప్పయితే దిద్దుకునేవాణ్ని. ఇది దిద్దినా వినాల్సిన మనిషి లేదు. ఆ మనిషి మా అమ్మ.

అసలు సముద్రమంటే నాకు చిన్నప్పటి నుంచీ గిట్టదు. మాది శిరివెళ్ల దగ్గర పల్లె. మా నాయన నాకు ఊహ తెలియకముందే పోయాడు. అమ్మ తెల్లచీర కట్టుకుని, నన్ను చంకనేసుకుని నంద్యాల వచ్చి, మిషన్ కాంపౌండులో ఒక దొరసాని దగ్గర వంటకు కుదిరింది. ఆ దొరసాని పరాయి దేశం నుంచి వచ్చిన నర్సు. పెళ్లి చేసుకోలేదు. ఆమె కూడా ఎప్పుడూ తెల్ల నూలుచీరే కట్టేది, జుట్టు వెనక్కి లాగి ముడి వేసేది. అందరూ ఆమెను అమ్మగారు అనేవాళ్లు. ఈస్టరు దాటి ఎండలు ముదరగానే అమ్మగారు సముద్రం ఒడ్డున ఉన్న ఇంటికి బయల్దేరేది. వంటకు అమ్మను వెంటబెట్టుకుని పోయేది. నన్ను పల్లెలో అవ్వ దగ్గర దింపేవాళ్లు. అలా రెండు నెలలు. లోకంలో పిల్లలంతా బడి మూసే రోజు కోసం చూస్తే నేను బడి తెరిచే రోజు కోసం చూసేవాణ్ని.

ఒక ఏడు నాకు టైఫాయిడ్ వచ్చింది. అవ్వ కార్డు రాయించింది. అమ్మ రాలేదు. అక్కడ చేపలు పట్టే పల్లెకారుల్లో ఒకామెకు కాన్పు కష్టమైందట, అమ్మగారికి చేయి సాయం కావాల్సి వచ్చిందట. తల్లీ బిడ్డా ఇద్దరూ బతికారని తిరిగొచ్చాక అమ్మ సంతోషంగా చెప్తుంటే నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. ఆ కోపం అరవై దాటినా నాలో పోలేదంటే నా బుద్ధి ఎలాంటిదో మీరే అనుకోండి. బడిలో పిల్లలకు మాత్రం క్షమించడం గురించి బాగా చెప్పేవాణ్ని.

అమ్మగారు చివరికి ఆ ఇంట్లోనే పోయింది. మంచం పట్టిన రెండేళ్లూ అమ్మే దగ్గరుండి చూసుకుంది. సమాధి చేసిన మర్నాడు తాళంచెవి మిషన్‌వాళ్లకు ఇచ్చేసి, ఒక రేకుపెట్టెతో నా దగ్గరికి వచ్చింది. అప్పటికి నాకు ఉద్యోగం, సంసారం ఉన్నాయి. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ ఇంటిని ఎవరూ పట్టించుకోలేదు. పెంకులు రాలిపోయాయి, ఉప్పుగాలికి బందులు తుప్పుపట్టి కిటికీ రెక్కలు ఊడిపోయాయి. ఈమధ్యనే, అమ్మగారి చేతుల మీద పుట్టి బాగా స్థిరపడినవాళ్లు కొందరు కలిసి ఒక కమిటీ పెట్టుకుని, ఆ ఇంటిని బాగుచేసి ఆమె పేరున స్మారకంగా నిలబెడదామన్నారు. కమిటీ పెద్ద బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరైనాయన. చరిత్ర రాసే పని నాకు అప్పగించారు.

నాకేం తెలుసని రాస్తాను? నేను ఆ ఇంట్లో అడుగు పెట్టింది రెండుసార్లు, అదీ అమ్మగారి చివరి రోజుల్లో. చరిత్రంతా అమ్మ చెప్పింది. ఎనభై దాటినా అమ్మ జ్ఞాపకం నాపరాయి మీద గీత గీసినట్టు ఉండేది. ఆ ఇల్లు మొదట ఉప్పు కొఠార్లు చూసే దొర ఎవరో కట్టించాడని, ఆ తర్వాత జీడిపప్పు వ్యాపారి చేతికి పోయిందని, ఆయన కూతురి కాన్పుకు అమ్మగారు సాయం చేస్తే ఆయన సంతోషపడి ఇల్లు మిషన్‌కు రాసిచ్చాడని చెప్పింది. ముందు వరండా, రెండు గదులు, వెనక విడిగా వంటగది. వంటగదిలోనే అమ్మ పడక. సముద్రం వైపు మూడు కిటికీలు, సరుగుడు తోపు వైపు రెండు. సెలవులకని వాడుకునే ఇల్లు కాస్తా పల్లెకారుల ఆడవాళ్లకు కాన్పుల ఇల్లయింది. నీళ్లు కాచింది, గుడ్డలు ఉడకబెట్టింది, పుట్టిన పిల్లలకు మొదటి స్నానం పోసింది అమ్మ. ఏ కిటికీ కింద ఎవరి బిడ్డ పుట్టిందో కూడా చెప్పేది.

నేను మొదటి ప్రతిలో అమ్మ గురించి నాలుగు వాక్యాలు రాశాను. కమిటీ పెద్ద చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అన్నాడు.

"వంటామె సంగతి రాస్తే రేపు డ్రైవరోళ్లు, తోటమాలోళ్లు వచ్చి మాదీ రాయమంటారు సార్. ఒకర్ని రాసి ఒకర్ని వదిలితే మాట పడాల. ఎందుకొచ్చిన గోల, తీసేద్దాం."

తీసేశాను. తర్వాత ఇంకో మీటింగులో వంటగది పడగొట్టి అక్కడ బాత్రూములు కట్టాలని తీర్మానం చేశారు. చూడవచ్చేవాళ్లకు సౌకర్యం ఉండాలి కదా. దానికీ చెయ్యెత్తాను. ఇంటికొచ్చాక ఆ సంగతి అమ్మకు చెప్తే, "మంచిదే లే, ఆడోళ్లు యాడికి పోతారు పాపం," అంది. నాకు ఒళ్లు మండింది. ఎవరి మీదో చెప్పలేను. బహుశా అమ్మ మీదే.

ఇంటి ముందు అమ్మగారి విగ్రహం పెట్టాలని ముందే అనుకున్నారు. రాతివిగ్రహమంటే మనకు ఆళ్లగడ్డ తప్ప ఇంకో ఊరు తోచదు. కానీ అమ్మగారికి ఫోటోలంటే పడేది కాదు. చివరి రోజుల్లో తీసిన ఒకటి రెండు కూడా ఎవరి దగ్గరా దొరకలేదు. వయసులో ఉన్నప్పటి ఫోటో ఒక్కటే, అది అమ్మ రేకుపెట్టెలో ఉంది. అడగ్గానే తీసిచ్చింది. ఇద్దరూ ఆ ఇంటి వరండాలో ఉన్నారు. ఇద్దరివీ తెల్లచీరలే, ఇద్దరివీ ముడులే. ఫోటో వెలిసిపోయి, ఎవరు తెలుపో ఎవరు చామనఛాయో తెలియడం లేదు. అమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. అమ్మగారు వెనక నిలబడి ఉంది.

"నువ్వేమ్మా కూర్చున్నావ్?" అన్నాను నవ్వుతూ.

"ఆ దినం బండల మీద ఆల్చిప్ప గీసుకోని నా కాలు కోసుకునింది. ఎవురో దొర వచ్చి ఫోటో తీస్తాననె. నేను నిలబడతా అంటే అమ్మగారు కూచోమని అరిచె. భయపడి కూచున్నా," అంది అమ్మ. ఆ మాట చెప్తూ సిగ్గుపడింది.

ఫోటో తీసుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాను. కమిటీవాళ్లు, "మీ అమ్మ ఆమె దగ్గర చేసింది కదా సార్, మీరే చూసుకోండి," అని పూర్తిగా నా మీదే పెట్టారు. శిల్పి నడివయసు మనిషి. షెడ్డు నిండా సగం చెక్కిన దేవుళ్లు, తలల్లేని రాజకీయ నాయకులు, మూతికి గుడ్డ కట్టుకుని రాయి అరగదీసేవాళ్లు. ఆ మోతలో నా మాట నాకే వినిపించలేదు. ఛాతీ దాకా విగ్రహం చాలు, తెల్లచీర, వెనక ముడి అని చెప్పి ఫోటో ఇచ్చాను. ఎవరిని చెక్కాలో వేలు పెట్టి చూపించాలని నాకు తోచలేదు. తమకు తెలిసింది లోకానికంతా తెలుసనుకునే జబ్బు పంతుళ్లకు ఉంటుంది.

నెలన్నర తర్వాత వచ్చి చూసుకోమని ఫోన్ చేశాడు. వెళ్లాను. గోనెపట్టా తీశాడు. నల్లరాతిలో మా అమ్మ.

పక్కనే ఉన్న రాతిదిమ్మ మీద కూర్చుండిపోయాను. వెడల్పు దవడలు, కొంచెం వాలిన ఎడమ కనురెప్ప, ఎవరో కసురుకుంటారేమోనని పెదాలు బిగపట్టుకునే ఆ అలవాటు కూడా వచ్చేసింది. నాకు టైఫాయిడ్ వచ్చిన ఏడు నేను ఎదురుచూసిన ముఖం అదే.

"ఏందన్నా, కుదర్లేదా?" అన్నాడు శిల్పి.

"ఈమెను ఎందుకు చెక్కావ్?"

"కుర్చీలో కూచున్నామె గదన్నా పెద్దామె? ఎనకాల నిలబడినామె పనామె గదా. మేము యాడ చూసినా అంతే. కూచునేటోళ్లు కూచుంటారు, నిలబడేటోళ్లు నిలబడతారు."

అతని తప్పేముంది? ఈ జిల్లాలో ఎవరికిచ్చినా ఆ ఫోటోను అలాగే చదువుతారు. నేను 'కాదు' అని ఒక్క మాట అనాలి. నోరు తెరిచాను. "బాగుంది. చాలా బాగుంది," అన్నాను.

ఫోటో వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకుని నంద్యాల బస్సెక్కాను. శిరివెళ్ల దాకా నాలో నేనే నవ్వుకుంటూ వచ్చాను. పక్కసీటాయన జరిగి కూర్చున్నాడు. నాలుగు వాక్యాలు తీసేసినవాళ్లకు, వంటగది పడగొట్టినవాళ్లకు ఇప్పుడు మా అమ్మే గుమ్మంలో ఎదురొస్తుంది. వాళ్లే దండ వేయాలి. ఎవరికి తెలుస్తుంది? అమ్మగారు వాళ్లకు గుర్తున్నది ముసలితనంలోనే. తప్పు చేస్తున్నానని తెలియక కాదు. బతుకులో మొదటిసారి ఒక తప్పు అమ్మవైపు వచ్చింది, దాన్ని ఎందుకు దిద్దాలి అనుకున్నాను.

కమిటీవాళ్లు ఆళ్లగడ్డ వచ్చి చూశారు. కమిటీ పెద్ద చుట్టూ తిరిగి చూసి, "ముక్కు కాస్త మనోళ్ల ముక్కులాగ వచ్చింది, శిల్పులకు ఎప్పుడూ దేవతల్ని చెక్కేది అలవాటు గదా. ఆ చూపు మాత్రం అచ్చం అమ్మగారిదే," అన్నాడు. అందరూ తలలూపారు. నేనూ ఊపాను.

ప్రతిష్ఠ రోజు అమ్మను రైల్లో తీసుకెళ్లాను. అమ్మకు ముందే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. చూసి మురిసిపోతుందని, నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఏమీ అనకుండా ఉండిపోతుందని, ఆ రహస్యం మా ఇద్దరిదీ అవుతుందని ఊహించుకున్నాను. ఇన్నేళ్లు కొడుకునై ఉన్నా అమ్మ నాకు అర్థం కాలేదన్నమాట.

ఇంటికి కొత్త పెంకులు వేశారు, గోడలకు తెల్లగా సున్నం కొట్టారు. వెనక బాత్రూముల మీద ఆడ, మగ అని బోర్డులు పెట్టారు. అమ్మ ఆ వైపు ఒకసారి చూసింది. షామియానా కింద కీర్తన పాడారు, ప్రార్థన చేశారు, కమిటీ పెద్ద విగ్రహం మీద గుడ్డ లాగాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ లేచి నిలబడింది.

"నాయనా, అమ్మగారి బొమ్మ పెడతామని గదా చెప్పినావ్."

"అదేనమ్మా."

"అది నేను గదా."

"మెల్లగా మాట్లాడు. ఎవరికీ తెలియదులే, ఉండనీ."

అమ్మ నావైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. మురిపెం లేదు, కోపం కూడా లేదు. నేనెవరో పోల్చుకోలేనట్టు చూసింది.

"ఏందీ ఉండేది? పేరు ఆయమ్మది, మొగం నాది. ఆయమ్మ పక్కన కూచోమంటే ఒగసారి కూచున్నా. ఆయమ్మ తావులో కూచోమని నాకు ఎవురు చెప్పినారు? తీపిచ్చు."

"అమ్మా, ఆమె కోసం నువ్వు చేసిందానికి..."

"నేను చేసింది నాకు తెలుసు. తీపిచ్చు. నువ్వు చెప్పకుంటే నేను పోయి చెప్తా."

అన్నట్టే పోయింది. జనంలోంచి కర్ర పొడుచుకుంటూ నేరుగా కమిటీ పెద్ద దగ్గరికి. నేను వెనకే వెళ్లాను. అమ్మ ఆయనతో నిదానంగా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది.

"అప్పా, పొరపాటు జరిగింది. ఈ మొగం నాది, అమ్మగారిది గాదు. ఫోటోలో నేను కుర్చీలో కూచోనుంటి, కాలు తెగింటే. అది చూసి చేసినాడు ఆయప్ప. ఫోటో నా కొడుకు కాడ ఉండాది, చూడు."

చుట్టూ ఉన్నవాళ్లు కొందరు నవ్వు ఆపుకున్నారు. ఒకామె అయ్యో పాపం అంది. కమిటీ పెద్ద అమ్మ తల మీదుగా నావైపు చూసి, "ఏం సార్?" అన్నాడు.

ఎవరి కంటా పడకూడదని వెంటే ఉంచుకున్న ఫోటో నా చొక్కా జేబులోనే ఉంది. గుండెకు తగులుతూనే ఉంది. తీసి చూపిస్తే ఆ సాయంత్రానికే విగ్రహానికి గోనెపట్టా కప్పేస్తారు, ఆళ్లగడ్డ నుంచి ఇంకో ముఖం వస్తుంది. చూపించకపోతే అమ్మ మాట అబద్ధమవుతుంది. అమ్మ ముఖమా, అమ్మ మాటా? రెండిట్లో ఒకటే దక్కుతుంది. నేను ముఖం తీసుకున్నాను.

"అమ్మకు ఈమధ్య గుర్తు సరిగా ఉండటం లేదు సార్. ఏమీ అనుకోకండి," అన్నాను.

"అదే అనుకుంటి. వయసు గదా," అని ఆయన అమ్మ భుజం తట్టి, భోజనాలకు పదండన్నాడు. అమ్మ నోరు కొంచెం తెరుచుకుని అలాగే ఉండిపోయింది. నేను బాత్రూము వైపు నడిచి, ఫోటో ముక్కలు ముక్కలుగా చించి, నీళ్లలో వదిలేశాను. అమ్మ మళ్లీ అడుగుతుందేమోనన్న భయంలో చేసిన పని అది. చేతులు కడుక్కుని వచ్చి అందరితో పాటు కూర్చుని తిన్నాను కూడా.

తిరుగు ప్రయాణంలో నల్లమల దాటేదాకా అమ్మ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నంద్యాల ఇంకో అరగంట ఉందనగా అడిగింది.

"నాకు అట్ల ఎన్ని దినాలుగా అయితాంది, నాయనా?"

ఏమిటమ్మా అన్నాను, తెలిసీ.

"గుర్తు తప్పేది."

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. రైలుపెట్టెలో ఎవరూ తెలిసినవాళ్లు లేరు, అడ్డేం లేదు. కానీ చెప్తే మళ్లీ వెనక్కి పోదామంటుంది. ఆ పట్టుదల నాకు తెలుసు. "కొన్నాళ్లుగానే," అన్నాను.

"ముందే చెప్పింటే బాగుండె. నలుగుర్లో నీకు తలవంపులు చేస్తి," అంది.

అమ్మ నన్ను నమ్మింది. తన కళ్లను కాదని, తన కొడుకు మాట నమ్మింది. అక్కడి నుంచి మొదలైంది. కూరలో ఉప్పు వేశానా అని మా ఆవిడను రెండుసార్లు అడిగేది. వేసి ఉండేది. మందు మింగానా అని అడిగేది. మింగి ఉండేది. మీ నాయన పొడుగేనా, లేకుంటే నేను అట్ల అనుకుంటాండానా అని ఒకసారి నన్ను అడిగింది. పుట్టినప్పటి నుంచీ ఏ విషయం ఎవర్నీ అడగని మనిషి ప్రతిదానికీ సాక్ష్యం వెతుక్కోవడం మొదలుపెట్టింది. వీధిలోవాళ్లు పలకరిస్తే, "నాకు గుర్తుండదు తల్లీ, నా కొడుకును అడుగు," అనేది. మెల్లగా చర్చిలో లేచి దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడం మానేసింది, తర్వాత చర్చికి రావడమే మానేసింది. డాక్టరుకు చూపిస్తే వయసుకు అన్నీ బాగానే ఉన్నాయన్నాడు. ఆ మాట అమ్మ నమ్మలేదు.

విగ్రహం బొమ్మా, దాని కింద అమ్మగారి పేరూ చేర్చి పుస్తకం రెండోసారి అచ్చుకు పోతుందని తెలిసి ఒకరోజు నా గదిలోకి వచ్చింది. "దాంట్లో నేను చెప్పినేటివి తీసేయి నాయనా. కిటికీలు అయిదో ఆరో. మతిలేనిదాని మాటలు అచ్చేస్తే అమ్మగారికి మర్యాద గాదు," అంది. అయిదు కిటికీలే. నేను లెక్కపెట్టి చూశాను, అయిదే.

పోయిన ఎండాకాలం అమ్మ మంచానికి అంటుకుపోయింది. పెద్ద జబ్బేమీ లేదు, తిండి తగ్గిపోయింది. ఒక మధ్యాహ్నం ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. నాకిక మోయడం చేతకాలేదు. మంచం పక్కన కింద కూర్చుని అంతా చెప్పేశాను. ఆళ్లగడ్డలో శిల్పి చేసిన పొరపాటు, నేను బాగుందన్న సంగతి, జేబులో ఫోటో, చించిన సంగతి, అన్నీ. అమ్మా, నీకు మతి తప్పలేదు, ఒక్క రోజు కూడా తప్పలేదు, ఆ ముఖం నీదే, నువ్వు చెప్పిందే నిజం, నేనే అబద్ధం చెప్పాను అన్నాను. ఏడ్చాను కూడా. ఈ వయసులో ఏడుపు అసహ్యంగా ఉంటుంది, ముక్కు కారుతుంది.

అమ్మ అంతా విన్నది. చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. చెయ్యి చాచి నా తల మీద పెట్టింది. నాకు జ్వరమొచ్చినప్పుడు పెట్టని చెయ్యి.

"నా మనసు కష్టపడతాందని అట్ల చెప్తాండావ్," అంది. "ఊరుకో. నాకు అర్థమయితాందిలే. అది అమ్మగారే."